కుడుము వీపు మీద పసుపు

మా అత్తగారికి పసుపు పిచ్చి. శుక్రవారం పొద్దున్నే గడపకు పసుపు రాసి, ఆ చెయ్యి కడుక్కునేలోపు కంటికి కనబడినదానికల్లా ఇంత పూసేసేవారు. రోకలికి, తిరగలికి, నూతి గిలకకు. ఒకసారి మా ఆయన సైకిలు హాండిలుకు కూడా రాశారు. ఆయన చూసుకోకుండా ఎక్కి వెళ్లి, ఆ రోజంతా పచ్చటి చేతులతో తిరిగి నలుగురిచేతా నవ్వించుకున్నారు. ఆవిడ పేరు వెంకటనరసమ్మ. ఆ పసుపు గురించి నేను సణగని శుక్రవారం లేదు. నా నోరు అంత మంచిది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, శ్రావణమాసంలో జరిగిన సంగతి ఇది. అప్పుడు మేము ఏలూరు శివార్లలో, ఒక డాక్టరుగారు సొంతంగా పెట్టిన క్షయ ఆస్పత్రి వెనక క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా ఆయన సత్తిబాబు అక్కడి లాబొరేటరీలో అటెండరు. క్షయ పేరు చెబితేనే ఆమడ దూరం పరిగెత్తే నన్ను తీసుకొచ్చి, క్షయ ఆస్పత్రి గోడకు ఆనించి కాపురం పెట్టించారు. వద్దండీ అని ఏడ్చినా, ఇంటద్దె లేదు కదే అన్నారు.

నా భయం ఊరికే వచ్చింది కాదు. మాది కొల్లేటి లంక. మా తమ్ముడు నూకరాజు పందొమ్మిదో ఏట ఆ జబ్బుతోనే పోయాడు. చివరి నాలుగు నెలలూ వాణ్ణి ఇంటికి దూరంగా, వలలు దాచుకునే పాకలో ఉంచారు. అన్నం నేనే తీసుకెళ్లేదాన్ని. కంచం గుమ్మంలో పెట్టి వెదురుకర్రతో లోపలికి నెట్టేదాన్ని. వాడు "అక్కా, కాసేపు కూర్చో" అంటే, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానని అబద్ధం చెప్పి వచ్చేసేదాన్ని. వాడు పోయిన రోజు నాకు ఏడుపు కంటే ముందు, నాకు అంటలేదు కదా అన్న ఆలోచన వచ్చింది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు.

మా ఆయన పని జంతువుల షెడ్డులో. ఆస్పత్రికి వచ్చేవాళ్లలో కొందరికి ఉన్నది క్షయ అవునో కాదో మామూలు పరీక్షలో తేలేది కాదు. అలాంటివాళ్ల కఫాన్ని గినీపిగ్గు తొడలో సూదితో ఎక్కించేవారు. ఆరు వారాలు ఆగి దాన్ని కోసి చూస్తే లోపల జబ్బు పుట్టిందో లేదో తెలిసిపోయేది. గినీపిగ్గంటే చిన్న చెవులతో, తోక లేకుండా, కుందేలు పిల్లకూ ఎలుకకూ మధ్యస్థంగా ఉండే జీవం. తాడేపల్లిగూడెంలో రైలుగేటు దగ్గర యోసేపు అనే ముసలాయన వాటిని పెంచి, వెదురుబుట్టల్లో పాసింజరు బండికి వేసి పంపేవాడు. ఆస్పత్రికి తెల్లవే కావాలి. ఎందుకంటే సూది వేసినదానికి పిక్రిక్ ఆసిడ్ అని ఒక పసుప్పచ్చ మందుతో గుర్తు పెడతారు. ఒక రోగి పేరుమీద నెత్తిన, ఒకరి పేరుమీద వీపున, ఒకరి పేరుమీద తుంటిన. ఆ గుర్తును బట్టే ఏది ఎవరిదో తెలిసేది.

ఒకసారి యోసేపు పంపిన బుట్టలో ఒకటి ఎక్కువ వచ్చింది. మరీ చిన్నది, పరీక్షకు పనికిరాదన్నారు. లాబొరేటరీ చూసే ప్రభుదాసు గారు దాన్ని మా ఆయన చేతిలో పెట్టి, మీ అమ్మాయి ఆడుకుంటుంది తీసుకుపో అన్నారట. నేను గుమ్మంలోనే అడ్డుపడ్డాను. సూది వెయ్యనిదే బాబూ, బజార్లో కొన్న కోడిపిల్ల ఎంతో ఇదీ అంతే అని ఆయన ఒట్టు పెట్టారు. అప్పటికే మా రత్నకుమారి దాన్ని గుండెలకు హత్తుకుని ఇంట్లోకి పారిపోయింది. పిల్లకు ఏడేళ్లు. తెల్లగా గుండ్రంగా ఉందని ఆ జీవానికి కుడుము అని పేరు పెట్టింది.

మా అత్తగారికి కూడా కుడుము నచ్చేసింది. ఎలుకజాతి కనక వినాయకుడికి దగ్గర బంధువే అని తీర్మానించి, ప్రతి శుక్రవారం గడపతోపాటు దాని వీపుకు కూడా పసుపు రాయడం మొదలుపెట్టారు. "ఇదేంటమ్మా, షెడ్డులో మేం పెట్టే గుర్తులాగే ఉంది" అని మా ఆయన నవ్వేవారు. ఆవిడా నవ్వేవారు. నేనొక్కదాన్నే మూతి ముడుచుకునేదాన్ని.

శ్రావణమాసం రెండో శుక్రవారం కూడా కుడుముకు పసుపు అయింది. మర్నాడు పొద్దున్నే లేచేసరికి దాని బుట్ట బోర్లాపడి ఉంది. కుడుము లేదు.

రత్నం అరవలేదు, ఏడవలేదు. ముందు మంచం కింద చూసింది, తరవాత బియ్యం డబ్బా వెనక, తరవాత కట్టెల గూడు. ఆ తరవాత వానలో తడుస్తూ వీధి వీధంతా కాలవల్లో చెయ్యి పెట్టి వెతికింది. పక్కింటి నాంచారమ్మ గారు తమ పిల్లి నోరు తెరిచి చూపించి, మా పిల్లి తినలేదమ్మా అని ప్రమాణం చేసినంత పని చేశారు. నేనూ వెతికాను. అయిదో నెల కడుపుతో వంగి వంగి నడుం పట్టేసింది. మా క్వార్టర్సు వెనక గట్టు ఉంది, గట్టు మీద ముంగిసలు తిరుగుతుంటాయి. ఆ మాట పిల్లతో ఎలా అనను. శనివారం, ఆదివారం రత్నం గుక్కెడు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. మా అత్తగారు వెన్నముద్ద కలిపి పెట్టినా నోరు తెరవలేదు.

సోమవారం సాయంత్రం మా ఆయన చొక్కాలోపల ఏదో దాచుకుని వచ్చారు. షెడ్డు వెనక గడ్డివాములో దొరికిందన్నారు. తెల్లగా, వీపున పసుపు గుర్తుతో, బెదురు కళ్లతో ముక్కు ఎగరేస్తూ ఉంది. రత్నం దాన్ని అందుకుని మెడ దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ పూట రెండు జామకాయలు దానికి పెట్టింది. తను ఒక కొరుకు, అది ఒక కొరుకు. పోనీలే, ఏదో ఒకటి తింటోంది కదా అని నేను కూడా చూసి నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

"కాస్త చిక్కిందే" అన్నారు అత్తగారు.

"రెండు రోజులు తిండి లేదు కదా మామ్మా" అంది రత్నం.

బుధవారం పొద్దున పది గంటలకు ప్రభుదాసు గారు మా గుమ్మంలోకి వచ్చారు. ఆయన నెమ్మదైన మనిషి. ఇంటికి ఎప్పుడూ రారు, వచ్చినా వీధిలోంచే పిలుస్తారు. ఆ రోజు చెప్పులు విడవకుండానే అరుగెక్కారు. వెనకాల మా ఆయన ఉన్నారు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"చెల్లెమ్మా, సత్తిబాబు సోమవారం తెచ్చింది ఎక్కడుందమ్మా?" అన్నారు ప్రభుదాసు గారు.

రత్నం గడప దగ్గరే కూర్చుని ఉంది. ఒళ్లో అది. చేతిలో సగం కొరికిన జామకాయ.

"అమ్మా రత్నం, దాన్ని కింద పెట్టు తల్లీ. నెమ్మదిగా పెట్టు."

సంగతేమిటో  ఆయనే చెప్పారు. సూది వేసిన గినీపిగ్గుల గూళ్లకు తాళం ఉంటుందట, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుందట. ప్రతి బుధవారం వాటిని తీసి తూకం వేస్తారట. ఇవాళ తూకానికి తీస్తే ఒక గూడు ఖాళీగా ఉంది. వెనక వైరు తుప్పు పట్టి విడిపోయింది, గడ్డి అడ్డం ఉండి ఎవరికీ కనబడలేదు. అందులో ఉన్నది మూడు వారాల కిందట సూది వేసినది. వీపున పసుపు గుర్తు.

 ఆ రెండు రోజుల్లో రత్నం దాన్ని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో లెక్కపెట్టబోయాను. మెడ మీద, బుగ్గ మీద, మూతి మీద. జామకాయలు ఎన్ని, మూడా, నాలుగా. మంచం మీద తలగడ పక్కన దాని బుట్ట.

"మనదేనండీ. కుడుమేనండి ఇది" అన్నారు మా ఆయన. నా వైపు చూడకుండా అన్నారు.

ప్రభుదాసు గారు రుమాలు చేతికి చుట్టుకుని దాన్ని పట్టుకున్నారు. తొడ లోపలివైపు వేళ్లతో అదిమి అదిమి చూశారు.

"ఏం చూస్తున్నారండీ?" అన్నాను.

"జబ్బు పుడితే ఇక్కడ గడ్డలు కడతాయమ్మా."

"ఉన్నాయాండీ?"

"చేతికి తెలీడంలేదు. తెలియనంత మాత్రాన లేవని కాదు. మూడు వారాలేగా."

మా అత్తగారు అప్పుడే పెరట్లోంచి వచ్చారు. నోట్లో తాంబూలం, చేతిలో సున్నపు కాయ. జరిగిందంతా ఆవిడకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆవిడ సాంతం విని, నోట్లోది ఉమ్మేసి వచ్చి, ప్రభుదాసు గారి ముందు చతికిలబడ్డారు.

"దానికంత ఆలోచన దేనికి నాయనా. నేను రాసింది పసుపు. మీరు రాసింది ఏదో మందు. పసుపైతే సున్నం తగిలితే ఎర్రబడాలి కదా."

ఆడపుట్టుక పుట్టినవాళ్లకెవరికి తెలియదు ఈ సంగతి. పిల్లలకు దిష్టి తియ్యాలంటే పసుపునీళ్లలో ఇంత సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తాం. పెళ్లికూతురి కాళ్లకు పారాణి కలిపేదీ అలాగే. అంత భయంలోనూ నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ పసుపు పిచ్చిని తిట్టిన తిట్లన్నిటికీ లోపల్లోపలే చెంపలు వేసుకున్నాను. ఎర్రబడితే చాలు, ఇక జన్మలో ఆవిణ్ణి ఒక్క మాట అనను అనుకున్నాను.

ప్రభుదాసు గారు దాన్ని నేలకు అదిమి పట్టుకున్నారు. అత్తగారు సున్నపు కాయలో చూపుడువేలు పెట్టి, దాని వీపు మీద ఆ పచ్చటి బొచ్చులో రుద్దారు.

తెల్లగా సున్నం. కింద పచ్చగా.

మరికాస్త రుద్దారు. మేము నలుగురం వంగి చూస్తున్నాం. రత్నం మా కాళ్ల మధ్యలోంచి తల దూర్చింది.

"సున్నం ఎండిపోయిందేమో" అన్నారు అత్తగారు. చెంబులో నీళ్లు చేతిమీద పోసుకుని, వేలు తడిపి మళ్లీ రుద్దారు.  బొచ్చు తడిసి చర్మానికి అంటుకుంది. పసుపు రంగు అలాగే ఉంది. కొంచెం కూడా మారలేదు.

"పాతబడితే ఎర్రబడదేమో అత్తయ్యగారూ" అన్నాను. 

ఆవిడ కూర్చున్నచోటి నుంచే గడప వైపు జరిగి, అదే వేలితో, అదే సున్నం, శుక్రవారం తను రాసిన పసుపు మీద గీశారు. ఎర్రటి చార పడింది. నెత్తురులా పడింది.



"అమ్మా, ఇది కుడుము కాదా?" అంది రత్నం. అని నా దగ్గరికి రాబోయింది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. చెయ్యి అడ్డంగా పెట్టాను. "అక్కడే ఉండు" అన్నాను.

అది ఉన్నచోటే ఆగిపోయింది. దాని చేతిలో జామకాయ ఇంకా ఉంది. మా అత్తగారు లేచి ఆ జామకాయ తీసి దూరంగా విసిరేసి, పిల్లను ఎత్తుకుని నూతి దగ్గరికి తీసుకెళ్లి తలారా స్నానం చేయించారు. నేను గోడకు ఆనుకుని నిలబడి చూశాను.

ప్రభుదాసు గారు ఆ గినీపిగ్గును తీసుకుపోయారు. డాక్టరుగారు సాయంత్రం రత్నాన్ని పిలిపించి, ముంజేతి మీద చిన్న సూది వేసి, అక్కడ పొంగితే జబ్బు అంటినట్టు, మూడో రోజు చూస్తామన్నారు. మూడో రోజు అక్కడ ఏమీ పొంగలేదు. ఇప్పుడే చెప్పలేం, ఎనిమిది వారాలకు మళ్లీ వేస్తాం, అప్పుడు ఖాయంగా తెలుస్తుంది అన్నారు. ఈ జంతువుల నుంచి మనిషికి రావడం చాలా అరుదమ్మా, ఊరికే బెంగపడకు అని కూడా అన్నారు. అరుదు అంటే రాదని కాదు కదా. నూకరాజుకు కూడా మొదట్లో అందరూ ఉత్త జలుబే అన్నారు.

ఇంటికి వచ్చి ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చాప వేరు చేశాను. కంచం అంచున మేకుతో గీత గీశాను, కలిసిపోకుండా. నా కడుపులో ఇంకో ప్రాణం ఉంది, దాని కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు, నిజమంతా కూడా లేదు. నా కోసం కూడా భయపడ్డాను. రత్నం మాట్లాడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. దాని గౌన్లు వేరే కుండలో ఉడకబెట్టేదాన్ని. తల దువ్వడం, జడ వెయ్యడం అత్తగారికి వదిలేశాను.

మా అత్తగారు మాత్రం మొదటి రోజు నుంచీ దాన్ని పక్కలో వేసుకునే పడుకున్నారు.

"మీకేమైనా అయితేనో అత్తయ్యగారూ" అన్నాను.

"అయితే అవుతుంది. పిల్ల ఒక్కతీ పడుకోదు" అన్నారు.

నన్ను దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

మా ఆయనతో పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు ఆయనే నూతి దగ్గరికి వచ్చి, బొక్కెన నా చేతిలోంచి తీసుకుని తోడుతూ చెప్పారు. "పట్టుకున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది కాంతం. మన కుడుము కంటే ఒక పిసరు పెద్దదే. షెడ్డులోకి వెళ్లి గూళ్లు చూసి రావాల్సింది. పిల్ల రెండు రోజులుగా అన్నం తినలేదు కదా, ముందు ఇంటికి తెచ్చేశాను." ఆయన ఏడుస్తున్నారు. నాకు జాలీ వచ్చింది, చంపెయ్యాలన్నంత కోపమూ వచ్చింది. నీళ్లబిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశాను.

కుడుము మాకు దొరకలేదు.

సూది వేసిన ఆరో వారం రాగానే ఆ గినీపిగ్గును కోశారు. మా ఆయన ఇంటికి వచ్చి పీట మీద కూర్చున్నారు. ఏమయిందండీ అంటే, ఉంది అన్నారు. కాలేయం నిండా, ప్లీహం నిండా నూకల్లా తెల్లటి గింజలున్నాయట. ఆ కఫం ఎవరిదో బడిపంతులుదట. జబ్బు తేలింది కనక ఆయనకు మందు మొదలుపెట్టారట. ఎవరో పంతులుగారికి మేలు జరిగిందని సంతోషించే మనసు నాకు ఆ రోజు లేదు. ఆ గింజలే రత్నం లోపల కనబడుతున్నాయి నాకు.

ఆ మిగిలిన అయిదు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. రత్నం తుమ్మితే నా చేతిలో ఉన్నది జారిపోయేది. మెడ దగ్గర గడ్డలు కడతాయంటారని, అది పడుకున్నాక దూరంనుంచి లాంతరు ఎత్తి మెడ చూసేదాన్ని. చెయ్యి వేసి చూస్తే తెలిసిపోతుంది. వెయ్యలేదు. పిల్ల కూడా నిమ్మళంగా తయారైంది. భోజనాల వేళకు తనే వెళ్లి గీత గీసిన కంచం తెచ్చుకుని, అవతలి గోడ పక్కన కూర్చునేది. తిన్నాక తనే తోముకునేది. నా దగ్గరికి పరిగెత్తుకు రావడం మానేసింది. బుద్ధిమంతురాలైందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

దసరా వెళ్లాక రెండోసారి సూది వేశారు, ఎక్స్‌రే తీశారు. మూడో రోజు డాక్టరుగారు ముంజెయ్యి వెలుతురుకు పెట్టి, వేలితో తడిమి, "ఏమీ లేదు. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. ఇక మర్చిపోండి" అన్నారు. మా అత్తగారు అక్కడే వరండాలో కూలబడి ఏడ్చేశారు. నేను దేవుడి గూట్లో దీపం పెట్టాను. కంచం మాత్రం కలపలేదు. ఎందుకైనా మంచిది, కాన్పు అయ్యేదాకా ఇలాగే ఉండనీ అనుకున్నాను. రెండు నెలలేగా.

పిల్లకు మళ్లీ ఒకటి తెచ్చిపెట్టాలన్నది మా అత్తగారి పట్టు. ఆస్పత్రి షెడ్డు నుంచి వద్దు, తాడేపల్లిగూడెం వెళ్లి రత్నాన్నే ఏరుకోనివ్వమన్నారు. "నువ్వూ వెళ్లమ్మాయ్" అన్నారు నాతో. ఏడో నెలతో నేనెందుకండీ అంటే, వెళ్లు అన్నారు మళ్లీ. ఆవిడ రెండుసార్లు చెప్పడం తక్కువ.

ఆదివారం పొద్దున్న పాసింజరు ఎక్కాం. రత్నం కిటికీ దగ్గర కూర్చుంది. దానికీ నాకూ మధ్య మా ఆయన. భీమడోలు దగ్గర వేరుశనక్కాయలు కొంటే, తన పొట్లం వేరుగా పెట్టమంది.

యోసేపు ఇల్లు రైలుగేటు పక్కనే. పెరడంతా వెదురు దళ్లు, గడ్డి పరిచిన గూళ్లు. తెల్లవి ఒకవైపు, రంగురంగులవి ఒకవైపు. ముసలాయనకు మా కథ కొంత తెలుసు. "ఏది కావాలమ్మా మనవరాలా, నీ ఇష్టం" అన్నాడు. తెల్లది మాత్రం వద్దు అన్నారు మా ఆయన.

రత్నం చేతులు వెనక్కి కట్టుకుని, దళ్లకు జానెడు దూరంలో ఒక్కో గూడూ చూసుకుంటూ రెండు చుట్లు తిరిగింది. ఎంత ముద్దొచ్చినా వంగలేదు. చివరికి మూలనున్న గూడు దగ్గర ఆగింది. అందులో నల్లది ఒకటి, ఒక చెవి గోధుమరంగు, మిగతావన్నీ ఆకుల మీద పడి తింటుంటే వెనక కూర్చుని చూస్తోంది.

"అదండి" అంది.

యోసేపు దాన్ని రెండు చేతులతో తీసి, బొచ్చు సవరించి, రత్నానికి అందించాడు. పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది.

"బుట్టలో పెట్టెయ్యండి తాతగారూ. నేను ముట్టుకోనండి. రోజూ చూసుకుంటాను."

"ఏం చెయ్యదమ్మా. ఏ సూదీ వెయ్యలేదు. దీనికే జబ్బూ లేదు."

"దానికి లేదండి. నాకుంది కదండీ. ముట్టుకుంటే దానికి వచ్చేస్తుంది."

యోసేపు మా ఇద్దరి వైపూ చూశాడు. మా ఆయన రత్నం ముందు కూర్చుని, "నీకేమీ లేదమ్మా. డాక్టరుగారు చెప్పలేదూ, నువ్వు విన్నావు కదా" అన్నారు.

"విన్నాను నాన్నా. కాని అమ్మ కంచం కలపలేదు."

ఫిర్యాదులా అనలేదు. బండి ఎన్ని గంటలకో చెప్పినట్టు అంది. ఇన్ని వారాలూ తనకేమైనా అవుతుందేమోనని పిల్ల భయపడుతోందనుకున్నాను. అది తన గురించి భయపడటంలేదు. తనవల్ల మాకేమవుతుందో అని భయపడుతూ, ఒక్కతే, అవతలి గోడ పక్కన కూర్చుని అన్నం తింది.

నేను దాని వైపు నడిచాను. అది వెనక్కి జరిగింది.

"రాకమ్మా. నీ కడుపులో తమ్ముడున్నాడు" అంది.

జరిగి జరిగి మూలనున్న దడికి తగిలి ఆగిపోయింది. నేను ఆ కడుపుతో కింద కూర్చోలేక కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను. విడిపించుకోవాలని గింజుకుంది. వదల్లేదు. దాని ఒంటి వాసన రెండు నెలల తరవాత నాకు తగిలింది. ముఖం నా ముఖానికి ఆనించుకున్నాను. చెంప బిగుసుకుని ఉంది, పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. అప్పుడు గమనించాను. నా మీద పడకూడదని ఊపిరి బిగబట్టుకుంది.

"ఊపిరి తీసుకో తల్లీ" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"నా ముఖం మీదే తీసుకో. నాకేం కాదు. తీసుకో."

చాలాసేపటికి తీసుకుంది.